కంప్యూటర్ బ్యాకప్: పోయినదాన్ని నిజంగా తిరిగి తెచ్చే పద్ధతి ఎలా ఎంచుకోవాలి

2021 నవంబర్ 18ని తిరుపతిలో ఉన్నవాళ్లు ఎవరూ మర్చిపోలేరు. కొండ మీంచి కపిలతీర్థంలోకి నీళ్లు విరుచుకుపడ్డాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, పల్లంలో ఉన్న వీధులన్నీ చెరువులైపోయాయి. మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఆల్బమ్ డిజైన్లు చేస్తాం, వాటితోపాటు నాలుగైదు దుకాణాల ట్యాలీ లెక్కలు కూడా చూస్తాం. షట్టర్ కింద నుంచి నీళ్లొచ్చి మోకాలెత్తున నిలబడ్డాయి. సీపీయూ నేల మీద ఉంది. బ్యాకప్ కోసమే కొన్న హార్డ్ డిస్క్ అదే టేబుల్ కింది సొరుగులో ఉంది. రోజూ సాయంత్రం షాపు మూసేముందు బ్యాకప్ తీసేవాణ్ణి, ఒక్కరోజు కూడా మానలేదు, కానీ అసలూ నకలూ ఒకే టేబుల్ కింద ఉంటే నీళ్లకు రెండూ ఒకటే కదా.

మిగిలింది చిత్తూరులో అక్కావాళ్లింట్లో ఉన్న పాత డిస్క్ ఒకటి. ఏదో ఆల్బమ్ పని మీద తీసుకెళ్లి అక్కడే వదిలేసి వచ్చాను, అందులో ఏడాదిన్నర కిందటి వరకు చేసిన పని ఉంది. కొత్త కంప్యూటర్ కొని, విండోస్ వేయించి, ఆ డిస్క్‌లోంచి ఒక శుభలేఖ ఫైలు పేజ్‌మేకర్‌లో తెరిచాను. పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. ఫైలుకేమీ కాలేదు. కంప్యూటర్లో అనూ ఫాంట్లు లేవు, అంతే. డీటీపీలో మనం ఏళ్ల తరబడి వాడుతున్న ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ఉమ్మడి అక్షర పద్ధతి) కావు కాబట్టి, ఫాంటు లేకపోతే ఆ ఫైల్లో తెలుగే ఉండదు. ఫాంట్లు, కీబోర్డు సాఫ్ట్‌వేర్, దాని లైసెన్సు, ప్రింటర్ డ్రైవర్లు, కలర్ సెట్టింగులు అన్నీ కుదుర్చుకుని షాపు మళ్లీ మామూలుగా నడిచేసరికి పన్నెండు రోజులు పట్టింది, అదీ పెళ్లిళ్ల సీజన్‌లో.

అందుకే ఎవరైనా నన్ను 'ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మంచిది' అని అడిగితే నేను ముందు వేరే ప్రశ్న వేస్తాను. రేపు పొద్దున మీ కంప్యూటర్ ఆన్ అవ్వకపోతే, ఎల్లుండి సాయంత్రానికి మీ చేతిలో ఏముండాలి? దీనికి జవాబు తెలిస్తే పద్ధతి దానంతటదే తేలిపోతుంది. తెలియకుండా ఏది కొన్నా, ఏది దించుకున్నా, అది పనికొచ్చేదీ రానిదీ కష్టం వచ్చిన రోజునే తెలుస్తుంది.

మొదటి పని: ఒక కాగితం తీసుకోండి

కంప్యూటర్ ముట్టుకోకండి, ఇది కాగితం మీద చేసే పని. పోతే మళ్లీ పుట్టించలేనివి ఒకవైపు రాయండి. పిల్లల ఫొటోలు, కస్టమర్ల పెళ్లి ఫొటోలు, ట్యాలీ డేటా, మీరు స్వయంగా తయారుచేసిన డిజైన్లు, థీసిస్, పాత మెయిళ్లు. మళ్లీ తెచ్చుకోగలిగినా రోజుల తరబడి శ్రమ పడాల్సినవి ఇంకోవైపు, అంటే ఫాంట్లు, లైసెన్సులు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు, ప్రింటర్ ప్రొఫైళ్లు. సినిమాలు, ఇన్‌స్టాలర్లు, ఇంటర్నెట్ నుంచి ఎప్పుడైనా దించుకోగలిగేవి అసలు రాయొద్దు, వాటి కోసం డిస్క్ చోటు ఖర్చుపెట్టడం దండగ.

దాని కిందే రెండు మాటలు రాయండి. ఎంత పని పోయినా తట్టుకోగలరు, ఒక గంట పనా, ఒక రోజు పనా, వారం పనా? ఇది మీరు ఎంత తరచుగా బ్యాకప్ తీయాలో చెబుతుంది. రెండోది, కంప్యూటర్ లేకుండా ఎన్ని రోజులు నెట్టుకురాగలరు? ఇది ఏ రకం బ్యాకప్ కావాలో చెబుతుంది. ఇంట్లో ఫొటోలు మాత్రమే ఉన్నవాళ్లు వారం ఆగినా ఏమీ కాదు, ఫైళ్ల కాపీ చాలు. షాపు నడిపేవాళ్లు, జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లు, ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లు అంత ఆగలేరు, వాళ్లకు మొత్తం కంప్యూటర్ని యథాతథంగా నిలబెట్టే పద్ధతి కావాలి.

రెండో పని: మీ డేటా ఎక్కడెక్కడ దాక్కుందో వెతకండి

అంతా డాక్యుమెంట్స్ ఫోల్డర్లోనే ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి సగం డెస్క్‌టాప్ మీద, పావు వంతు డౌన్‌లోడ్స్‌లో, మిగతాది డీ డ్రైవ్‌లో ఉంటుంది. మన దగ్గర చాలా ఏళ్లుగా ఒక అలవాటు ఉంది, సీ డ్రైవ్ ఫార్మాట్ చేస్తే పోతుందని పనంతా డీ డ్రైవ్‌లో పెట్టుకుంటాం. ఫార్మాట్ వరకు అది నిజమే, కానీ సీ, డీ రెండూ చాలా కంప్యూటర్లలో ఒకే హార్డ్ డిస్క్‌లోని రెండు గదులు. డిస్క్ చెడిపోతే రెండూ కలిసే పోతాయి. డీ డ్రైవ్‌లో పెట్టినది బ్యాకప్ కాదని ఇంకోసారి చెబుతున్నా, ఎందుకంటే మా షాపుకి ఏడుస్తూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది చెప్పిన మాట ఇదే: 'అన్నా, డీలో పెట్టినా గదన్నా.'

ట్యాలీ డేటా ఏ ఫోల్డర్లో ఉందో ట్యాలీలోనే కంపెనీ ఎంచుకునే చోట కనిపిస్తుంది, రాసుకోండి. ఔట్‌లుక్ వాడేవాళ్లు మెయిళ్ల ఫైలు ఎక్కడుందో చూసుకోండి. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులు, వాట్సాప్‌లో వచ్చి అక్కడే ఉండిపోయిన ఫొటోలు, సీ డ్రైవ్‌లోని ఫాంట్స్ ఫోల్డర్, వీటిని కూడా లెక్కలోకి తీసుకోండి.

మూడో పని: నాలుగు పద్ధతుల్లో తేడా తెలుసుకోండి

చేత్తో కాపీ చేసి పేస్ట్ చేయడం మొదటిది. చిన్న ఫోల్డర్‌కి ఫరవాలేదు, కానీ మనిషి మర్చిపోతాడు. పైగా కొత్త ఫైలు పాతదాని మీద పడితే పాతది పోతుంది.

రెండోది సింక్, అంటే గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి. వీటినే బ్యాకప్ అనుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. సింక్ అంటే అద్దం. ఇక్కడ మీరు ఫైలు డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, ఇక్కడ వైరస్ ఫైలును పాడుచేస్తే ఆ పాడైన ఫైలే పైకి వెళ్తుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో డిలీట్ చేసినవి 30 రోజులు ఉంటాయి, ఆ తర్వాత పోతాయి. ఆరు నెలల కింద పొరపాటున తీసేసిన ఫోల్డర్ ఇవాళ గుర్తొస్తే చేయగలిగేదేమీ ఉండదు. ఉచితంగా ఇచ్చే చోటు కూడా గూగుల్‌లో 15 జీబీ, అదీ జీమెయిల్, ఫొటోలతో కలిపి, వన్‌డ్రైవ్‌లో 5 జీబీ. ఒక్క పెళ్లి ఫొటోలకే చాలవు. ముఖ్యమైన కాగితాలకు ఇంకో నకలుగా సింక్ పెట్టుకోండి, కానీ దాని మీదే భారం వేయకండి.

మూడోది వెర్షన్లతో కూడిన ఫైల్ బ్యాకప్. విండోస్‌లో ఉన్న ఫైల్ హిస్టరీ ఇలాంటిదే. మీరేమీ మార్చకపోతే గంటకోసారి మారిన ఫైళ్లను బయటి డిస్క్‌లోకి తీసుకుంటుంది, పాత రూపాలు కూడా ఉంచుతుంది. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు శుభలేఖ ఎలా ఉందో అలా తిరిగి తెచ్చుకోవచ్చు. కస్టమర్ 'ముందు చూపించిందే బాగుంది' అన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది.

నాలుగోది మొత్తం కంప్యూటర్ ఇమేజ్. విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, సెట్టింగులు, ఫైళ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా. డిస్క్ చచ్చిపోతే కొత్త డిస్క్ వేసి ఇమేజ్ దించితే నిన్నటి కంప్యూటర్ నిన్నటి డెస్క్‌టాప్‌తో లేచి కూర్చుంటుంది. నా పన్నెండు రోజులు ఇది లేకపోవడం వల్లే పోయాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పని చేసుకునే కంప్యూటర్‌కి మూడోది, నాలుగోది రెండూ ఉండాలి. ఇంటి కంప్యూటర్‌కి మూడోది చాలు, నాలుగోది ఉంటే మంచిది.

ఇక్కడ ఒక పేరు మోసం చేస్తుంది, జాగ్రత్త. విండోస్ 11లో 'విండోస్ బ్యాకప్' అనే యాప్ ఉంది. పేరు చూసి మొత్తం కంప్యూటర్ని దాచేస్తుందనుకుంటారు. అది చేసేది కొన్ని ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కి పంపడం, సెట్టింగులు, యాప్‌ల జాబితా గుర్తుపెట్టుకోవడం. ఇమేజ్ తీయదు. కంట్రోల్ ప్యానెల్లో విండోస్ 7 నాటి పాత బ్యాకప్ పరికరం ఇంకా ఉంది, అది ఇమేజ్ తీస్తుంది, కానీ మైక్రోసాఫ్ట్ దాన్ని మెరుగుపరచడం ఎప్పుడో మానేసింది, వేరే సాఫ్ట్‌వేర్ చూసుకోమని ఆ సంస్థే చెప్పింది. నేనైతే దాన్ని నమ్ముకోను.

నాలుగో పని: డిస్క్ కొనడం

కంప్యూటర్లో ఇప్పుడు నిండి ఉన్న డేటా ఎంతో చూసుకుని దానికి రెండింతలు, వీలైతే మూడింతలు ఉన్న డిస్క్ కొనండి. 400 జీబీ ఉంటే 1 టీబీ సరిపోతుంది. పాత రూపాలు దాచడానికి చోటు కావాలి. ఒకటి కాదు, రెండు కొనండి. కారణం కింద చెబుతాను.

బీరువాలో నెలల తరబడి పెట్టేదానికి మామూలు తిరిగే హార్డ్ డిస్కే మేలు. ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, వేగంగా ఉంటుంది, కింద పడినా తట్టుకుంటుంది, కానీ కరెంటు తగలకుండా చాలాకాలం పక్కన పడేస్తే అందులో దాచిన డేటా చెదిరే అవకాశం ఉంది. పెన్‌డ్రైవ్‌ని బ్యాకప్‌గా లెక్కపెట్టకండి, అది ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడానికి మాత్రమే. సగం ధరకే టెరాబైట్ పెన్‌డ్రైవ్ అని అమ్మేవాటి జోలికి అసలు పోవద్దు, అందులో చాలావరకు లోపల నిజంగా ఉండేది కొన్ని జీబీలే, నిండాక కొత్త ఫైలు పాతదాని మీద పడుతూ పోతుంది, ఏ హెచ్చరికా రాదు.

డిస్క్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఇమేజ్ ఫైళ్లన్నీ దానికంటే పెద్దవే. కంప్యూటర్ వెనుక నీలిరంగు యూఎస్‌బీ రంధ్రం ఉంటే సాధారణంగా అది 3.0, దానికే గుచ్చండి. సెకనుకు 100 ఎంబీ వేగంతో 300 జీబీ ఇమేజ్ 50 నిమిషాల్లో అయిపోతుంది. అదే 300 జీబీని 40 ఎంబీపీఎస్ (ఇవి మెగాబిట్లు, అంటే సెకనుకు 5 ఎంబీ) అప్‌లోడ్ ఉన్న నెట్‌లో క్లౌడ్‌కి పంపాలంటే దాదాపు 17 గంటలు, మధ్యలో ఎక్కడా ఆగకపోతే.

యూపీఎస్ లేకుండా మాత్రం ఈ పనంతా మొదలుపెట్టకండి. వేసవిలో మన దగ్గర కరెంటు సంగతి అందరికీ తెలిసిందే, డిస్క్ రాస్తున్నప్పుడు కరెంటు పోతే బ్యాకప్ ఒక్కటే కాదు, ఒక్కోసారి డిస్కే పాడవుతుంది.

ఐదో పని: మొత్తం కంప్యూటర్ ఇమేజ్ ఏర్పాటు

ఇమేజ్ తీయడానికి ఇదివరకు చాలామంది మాక్రియమ్ రిఫ్లెక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ వాడేవాళ్లు. ఆ ఉచిత ఎడిషన్‌కి 2024 జనవరి నుంచి మద్దతు ఆగిపోయింది. నేను ఇప్పుడు వాడుతున్నది వీమ్ ఏజెంట్ ఉచిత ఎడిషన్. ఎందుకు ఎంచుకున్నానంటే దాని రీస్టోర్ పద్ధతి సులువుగా ఉంది, మొత్తం కంప్యూటర్ని తిరిగి తేవచ్చు, లేదా అందులోంచి ఒక్క ఫైలే తీసుకోవచ్చు. క్లోన్‌జిల్లా కూడా ఉచితమే, గట్టిదే, కానీ నల్ల తెర మీద ప్రశ్నలడుగుతుంది, ఒక్క చోట సోర్స్ డిస్క్, టార్గెట్ డిస్క్ తారుమారైతే ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. అలవాటు లేనివాళ్లకు నేను చెప్పను. దానికే మౌస్‌తో నడిచే రూపం రెస్క్యూజిల్లా, అది కొంత నయం.

వీమ్‌లో చేయాల్సినవి చెబుతాను. సాఫ్ట్‌వేర్‌ని ఆ సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక అన్నిటికంటే ముందు రికవరీ మీడియా తయారుచేయండి, అంటే కంప్యూటర్ లేవనప్పుడు దాన్ని లేపే పెన్‌డ్రైవ్. ఇది ఖాళీ పెన్‌డ్రైవ్‌తో చేయండి, ఉన్నదంతా చెరిగిపోతుంది. చాలామంది దీన్ని తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు, తర్వాత ఆ కంప్యూటరే లేవదు. పెన్‌డ్రైవ్ మీద చిన్న కాగితం అతికించి ఏ కంప్యూటర్‌దో, ఏ తేదీన చేశారో రాయండి.

తర్వాత బ్యాకప్ జాబ్‌లో మొత్తం కంప్యూటర్ అన్నది ఎంచుకోండి. ఫోల్డర్లు ఏరుకోవద్దు, ఏరితే ఏదో ఒకటి మర్చిపోతాం. గమ్యం బయటి డిస్క్. ఎన్ని రోజుల వెనక్కి వెళ్లగలగాలో అడుగుతుంది, మామూలుగా 7 ఉంటుంది, చోటుంటే 14 లేదా 30 పెట్టుకోండి. మొదటిసారి మొత్తం తీసుకుంటుంది, ఆ తర్వాత మారినవి మాత్రమే. అవి గొలుసులా ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి ఆ ఫోల్డర్లో ఏ ఫైలునూ చేత్తో డిలీట్ చేయకండి, మధ్యలో ఒక లింకు తెగితే ఆ తర్వాతివన్నీ పనికిరావు.

అక్కడే పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా తాళం వేసే వీలుంది, తప్పక పెట్టండి. షాపులో కస్టమర్ల ఆధార్ కాపీలు, పాస్‌పోర్టు ఫొటోలు, లెక్కలు ఉంటాయి, డిస్క్ ఎవరి చేతిలోనైనా పడితే మనదే బాధ్యత. ఆ పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్లోనే దాచుకుంటే ఏం లాభం? డైరీలో రాసి ఇంట్లో పెట్టండి.

షెడ్యూల్లో నాకు బాగా నచ్చినవి రెండు. డిస్క్ గుచ్చగానే బ్యాకప్ మొదలవ్వడం ఒకటి, పూర్తయ్యాక డిస్క్‌ని దానంతటదే ఎజెక్ట్ చేయడం ఇంకొకటి. ఈ రెండోది ర్యాన్సమ్‌వేర్ నుంచి, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ల నుంచి కాపాడుతుంది. 2017 మేలో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా తిరిగినప్పుడు మన రాష్ట్రంలో చిత్తూరు సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. ఇలాంటివి కంప్యూటర్లోని ఫైళ్లతో ఆగవు, ఆ సమయానికి తగిలించి ఉన్న బయటి డిస్కులకు కూడా తాళం వేస్తాయి. పగలూ రాత్రీ గుచ్చే ఉంచిన డిస్క్ ఆ రోజు అక్కరకు రాదు. ఎజెక్ట్ అయ్యాక వైరు కూడా పీకేయండి, అప్పుడే పూర్తి భద్రత.

ఆరో పని: పని చేసే ఫోల్డర్‌కి ఫైల్ హిస్టరీ

దీనికి ఇంకో చిన్న డిస్క్, లేదా అదే కంప్యూటర్లో ఖాళీగా ఉన్న రెండో హార్డ్ డిస్క్ వాడుకోవచ్చు, ఇది రోజువారీ పొరపాట్ల కోసమే కాబట్టి. కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిచి ఆన్ చేయండి. ఒక చిక్కుంది: ఇది డెస్క్‌టాప్, లైబ్రరీల్లో ఉన్న ఫోల్డర్లనే చూస్తుంది, మీ డీ డ్రైవ్‌ని పట్టించుకోదు. డీ డ్రైవ్‌లోని పని ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి దాన్ని డాక్యుమెంట్స్ లైబ్రరీలో చేర్చండి, అప్పుడు తీసుకుంటుంది. చేర్చారో లేదో మర్నాడు చూసి నిర్ధారించుకోండి.

ట్యాలీకి మాత్రం దాని సొంత బ్యాకప్ వాడండి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూలో బ్యాకప్, రీస్టోర్ ఉంటాయి. కంపెనీ తెరిచి ఎంట్రీలు వేస్తుండగా ఫోల్డర్‌ని కాపీ కొడితే సగం సగం డేటా వచ్చే ప్రమాదం ఉంది. వారానికోసారి, జీఎస్టీ రిటర్న్ వేసే ముందు తప్పకుండా తీయండి, ఫోల్డర్ పేరులో తేదీ పెట్టండి.

మ్యాక్ వాళ్ల పని సులువు. 2007 నుంచి టైమ్ మెషీన్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంది, డిస్క్ గుచ్చి అవునంటే చాలు. లినక్స్ మింట్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే, టైమ్‌షిఫ్ట్ మామూలుగా సిస్టమ్‌ని మాత్రమే దాస్తుంది, హోమ్ ఫోల్డర్లోని మీ ఫైళ్లను కాదు. వాటికి దేజా డూప్ లాంటిది విడిగా పెట్టుకోండి.

ఏడో పని: ఒక నకలు ఊరు దాటాలి

3-2-1 అని ఒక సూత్రం ఉంది, దాన్ని జనంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. మూడు నకళ్లు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే చోట. నాకు ఆ చివరి ఒకటి వరద నేర్పింది. రెండు డిస్కులు కొనమన్నది ఇందుకే. మా ఏర్పాటు ఇలా ఉంది: ఒక డిస్క్ షాపులో, ఒకటి చిత్తూరులో అక్క బీరువాలో. తిరుపతి నుంచి 70 కిలోమీటర్లు, ఒకే వానకు రెండు చోట్లా నీళ్లొచ్చినా మొదటి అంతస్తులోని బీరువా దాకా రావు. నెలకోసారి ఎలాగూ వెళ్తాం కదా, వెళ్లినప్పుడు తాజా డిస్క్ ఇచ్చి పాతది తెచ్చుకుంటాను. 'అక్కా, పిల్లోళ్లు సినిమాలు ఎక్కించుకుంటామంటే ఇయ్యొద్దు, దీన్ని ఎవురూ ముట్టుకోకూడదు' అని మొదటి రోజే చెప్పాను. డిస్క్‌ని జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లం వేసి పెట్టాం, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తాను, సామాను మధ్యలో కాదు.

ఊరు దాటించే వీలు లేనివాళ్లు కనీసం షాపుదాన్ని ఇంట్లో, ఇంటిదాన్ని షాపులో పెట్టండి. మరీ ముఖ్యమైన కొద్ది ఫైళ్లను, అంటే ట్యాలీ బ్యాకప్, లైసెన్సు కాగితాలు, ఫాంట్ల ఫోల్డర్ లాంటివాటిని, పాస్‌వర్డ్‌తో జిప్ చేసి క్లౌడ్‌లో కూడా వేయండి. అవి 15 జీబీలో హాయిగా పడతాయి.

ఎనిమిదో పని: తెచ్చి చూడండి

ఇది చేయకపోతే పైన చేసినవన్నీ నమ్మకం మీద నడుస్తున్నట్టే. బ్యాకప్ పూర్తయిందని పచ్చ గుర్తు చూపిస్తే అది రాసింది అని మాత్రమే అర్థం, తిరిగి వస్తుందని కాదు. నేను మూడు మెట్లుగా చేస్తాను.

నెలకోసారి ఏదో ఒక ఫైలు, ముందు అనుకోనిది, బ్యాకప్ నుంచి వేరే ఫోల్డర్లోకి తెచ్చి తెరుస్తాను. పేరు కనిపించడం సరిపోదు, తెరవాలి. ఫొటో అయితే పెద్దది చేసి కింది భాగం దాకా చూడాలి, పాడైన ఫొటోల్లో సగం నుంచి బూడిద రంగు కనిపిస్తుంది. ట్యాలీ అయితే కొత్త ఖాళీ ఫోల్డర్లోకే రీస్టోర్ చేయాలి, నడుస్తున్న డేటా ఉన్న ఫోల్డర్లోకి చేస్తే ఇవాళ్టి లెక్కల మీద పాతవి పడిపోతాయి. తెచ్చాక క్లోజింగ్ బ్యాలెన్స్ ఆ తేదీది సరిపోయిందో లేదో చూడండి.

మూణ్నెల్లకోసారి రికవరీ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ని బూట్ చేస్తాను. మౌస్ పనిచేస్తోందా, లోపలి డిస్క్ కనిపిస్తోందా, బయటి డిస్క్ గుచ్చితే అందులోని బ్యాకప్ తేదీలు కనిపిస్తున్నాయా, పాస్‌వర్డ్ తీసుకుంటోందా, ఇంతవరకు చూసి రీస్టోర్ నొక్కకుండా బయటికొచ్చేస్తాను. కొన్ని కంప్యూటర్లలో బూట్ మెనూ (దేని నుంచి లేవాలో ఎంచుకునే తెర) ఎఫ్12, కొన్నింటిలో ఎఫ్9 లేదా ఎస్కేప్. మీదేదో ఇప్పుడే కనుక్కుని ఆ పెన్‌డ్రైవ్ కాగితం మీద రాసేయండి, టెన్షన్‌లో ఉన్నప్పుడు వెతుక్కోలేరు.

ఏడాదికోసారి అసలు పరీక్ష. ఒక ఖాళీ ఎస్‌ఎస్‌డీ తీసుకుని, కంప్యూటర్లో ఉన్న డిస్క్‌ని ఊడదీసి పక్కన పెట్టి, ఖాళీదాన్ని వేసి, మొత్తం ఇమేజ్‌ని దాని మీదకి దించడం. పనిచేస్తున్న ఒకే ఒక్క డిస్క్ మీద ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి, తేడా వస్తే రెండూ పోతాయి. నేను మొదటిసారి చేసిన రోజు ఆదివారం, షాపు మూసి కూర్చున్నాను. రీస్టోర్‌కి గంటా పది నిమిషాలు. రీస్టార్ట్ అయింది, మా వాల్‌పేపర్ వచ్చింది, పేజ్‌మేకర్ తెరిచి వెనకటి శుభలేఖ ఒకటి తెరిచాను. 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' అన్న వరుస అక్షరం చెదరకుండా కనిపించింది. అనూ కీబోర్డుతో నాలుగక్షరాలు కొట్టి చూశాను, పడ్డాయి. ఆ రోజు నుంచి వాన పడితే నాకు నిద్ర పడుతోంది.

బిట్‌లాకర్ సంగతి విడిగా చెప్పాలి

కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే బిట్‌లాకర్ పద్ధతిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్ మొత్తానికి తాళం, దానంతటదే ఆన్ అవుతోంది. మీరు ఆన్ చేసిన గుర్తు ఉండదు. మదర్‌బోర్డు మార్చినా, డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే సర్వీస్ సెంటర్ కాదు, ఎవరూ తెరవలేరు. ఇవాళే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీని ప్రింటు తీసి ఇంట్లో కాగితాల్లో పెట్టండి. షాపులో కంప్యూటర్ పెట్టిచ్చినవాళ్లు వాళ్ల సొంత మెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చి ఉంటే ఆ కీ వాళ్ల అకౌంట్‌లో ఉంటుంది, ఇది కూడా చూసుకోండి.

విండోస్ 10లోనే ఉన్నవాళ్లకు ఒక మాట. దాని మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11కి మారేవాళ్లు మారేముందు పూర్తి ఇమేజ్ ఒకటి తీసి, దాన్ని రెండు మూడు నెలలు కదపకుండా ఉంచండి. పాత ప్రింటర్, పాత ఫాంట్ సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో నడవకపోతే వెనక్కి రావడానికి నమ్మకమైన దారి అదే.

నిజంగా పోయిన రోజున

ముందు ఆగండి. తడిసిన కంప్యూటర్ని ఎండిందేమో చూద్దామని ఆన్ చేయకండి, లోపల తేమతో షార్ట్ అయితే డిస్క్ మీద ఉన్న కాస్త ఆశ కూడా పోతుంది. డిస్క్ టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు, ప్రతిసారీ ఇంకొంచెం గీసుకుపోతుంది. వైరస్ అని అనుమానం ఉంటే నెట్ వైరు పీకేయండి, ఆ కంప్యూటర్‌కి బ్యాకప్ డిస్క్ మాత్రం గుచ్చకండి.

ఆ తర్వాత, ఉన్న ఒకే బ్యాకప్‌తో నేరుగా పని మొదలుపెట్టకుండా ఇంకో మంచి కంప్యూటర్లో దాని నకలు ఒకటి తీసుకోండి. రీస్టోర్ చేసేటప్పుడు చేతులు వణుకుతుంటాయి, తప్పు డిస్క్ ఎంచుకోవడం చాలా తేలిక. రీస్టోర్ ఎప్పుడూ కొత్త డిస్క్ మీదకే చేయండి, అది పాతదాని సైజు అయినా ఉండాలి, పెద్దదైతే ఇంకా మంచిది. వైరస్ కేసు అయితే అది సోకిన తేదీకి ముందరి బ్యాకప్ ఎంచుకోండి, నిన్నటిది తాజాగా ఉందని తొందరపడొద్దు.

అంతా లేచాక పాత డిస్క్‌ని వెంటనే ఫార్మాట్ చేయకుండా, పాతసామాన్లవాళ్లకు ఇవ్వకుండా ఒక నెలైనా పక్కన పెట్టండి. ఏ ఫైలు తిరిగి రాలేదో మూడో వారంలో ఏదో ఒక కస్టమర్ వచ్చి అడిగినప్పుడుగానీ తెలియదు.